తీసేసే ముందు డేటాబేస్‌కు చెప్పారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: యూనిక్స్, లినక్స్ సర్వర్లలో డేటాబేస్ రికవరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, తీసేయడం. ఎక్కించడం గురించి అడిగినవాళ్లు ఎక్కువ. తీసేయడం గురించి అడిగినవాళ్లు తక్కువే, కానీ వాళ్లంతా అప్పటికే ఇబ్బందిలో పడ్డవాళ్లు. అందుకే ఈసారి వాళ్లకు ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది చిన్న ఆసుపత్రి. ఉబుంటు లినక్స్ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు నడుస్తున్నాయి. రోజూ రాత్రి పీజీ_డంప్‌తో డేటాబేస్ మొత్తానికి కాపీ తీస్తున్నాం. మధ్యాహ్నం సర్వర్‌కు ఏదైనా అయితే పొద్దుటి నుంచి ఎక్కించిన ఎంట్రీలన్నీ పోతాయని డాక్టర్ గారి టెన్షన్. పీజీబ్యాక్‌రెస్ట్ అనే బ్యాకప్, రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టమని ఒకరు చెప్పారు. ఎక్కడ, ఏ యూజర్‌తో, ఎలా ఎక్కించాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: డాక్టర్ గారి భయం సరైనదే. రాత్రి తీసిన డంప్ ఆ రాత్రి వరకే కాపాడుతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా వాల్ (రైట్-అహెడ్ లాగ్) అనే ఫైళ్లలో రాసుకుంటుంది. ఒక్కో ఫైలు 16 మెగాబైట్లు. నిండిన ఫైలును నిండినట్టే వేరే చోటికి పంపిస్తూ ఉంటే, ఒక పూర్తి బ్యాకప్ మీద వాటిని వరసగా ఆడించి, మీరు కోరిన నిమిషానికి డేటాబేస్‌ను తీసుకురావచ్చు. ఈ సౌకర్యం 2005లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచీ పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంది. పీజీబ్యాక్‌రెస్ట్ చేసేదల్లా ఆ పనిని ఒక క్రమంలో, చెక్‌సమ్‌లు (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్యలు) సరిచూసుకుంటూ, పాతవాటిని గడువు ప్రకారం తీసేస్తూ నడపడం.

ఎక్కడ పెట్టాలన్నది మొదటి మాట. డేటాబేస్ ఉన్న డిస్క్ మీదే బ్యాకప్ పెట్టకండి. ఇంకో మిషన్ కావాలి, పాత డెస్క్‌టాప్‌లో కొత్త డిస్క్ వేసినా సరే. పీజీబ్యాక్‌రెస్ట్ రెండు మిషన్లలోనూ ఎక్కాలి, రెండు చోట్లా అచ్చంగా ఒకే వెర్షన్ ఉండాలి. ఒకదాన్ని అప్‌డేట్ చేసి రెండోదాన్ని వదిలేస్తే అవి ఒకదానితో ఒకటి మాట్లాడవు, ఆ క్షణం నుంచే బ్యాకప్ ఆగిపోతుంది. ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు వేసుకునేలా పెట్టి ఉంటే ఈ ఒక్క ప్యాకేజీని ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో ఆపి ఉంచండి.

యూజర్ సంగతి. డేటాబేస్ సర్వర్‌లో పీజీబ్యాక్‌రెస్ట్ పోస్ట్‌గ్రెస్ యూజర్‌గానే నడవాలి, రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) కాదు. బ్యాకప్ మిషన్‌లో పీజీబ్యాక్‌రెస్ట్ అనే వేరే యూజర్‌ను పెట్టండి. ఇద్దరి మధ్య పాస్‌వర్డ్ అడగని ఎస్ఎస్‌హెచ్ తాళాలు (ఒక మిషన్ నుంచి ఇంకోదానిలోకి లాగిన్ అయ్యే కీలు) అటూ ఇటూ ఉండాలి. కాన్ఫిగ్ ఫైలు 640 పర్మిషన్‌తో (ఓనర్ రాయగలరు, గ్రూప్ చదవగలరు, మిగతావాళ్లు చూడలేరు) ఉంచండి. ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ పెడితే ఆ రహస్య పదం అందులోనే ఉంటుంది. అది ఆసుపత్రి డేటా కాబట్టి ఎన్‌క్రిప్షన్ పెట్టమనే చెబుతాను. అయితే ఆ పదాన్ని కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, అకౌంట్స్ బీరువాలో దాచండి. సర్వర్ కాలిపోతే కాన్ఫిగ్ ఫైలూ దానితోనే పోతుంది. ఆ పదం లేకుండా బ్యాకప్ మిషన్‌లో ఉన్నదాన్ని ఎవరూ తెరవలేరు.

ఇక వరస. పోస్ట్‌గ్రెస్‌లో నిండిన వాల్ ఫైళ్లను బయటికి పంపే ఆర్కైవ్_మోడ్ ఆన్ చేయండి. దీనికి రీస్టార్ట్ కావాలి కాబట్టి ఓపీ ముగిశాక పెట్టుకోండి. ఆర్కైవ్_కమాండ్‌లో పీజీబ్యాక్‌రెస్ట్ ఆర్కైవ్-పుష్ రాయండి. తర్వాత స్టాంజా-క్రియేట్ (ఈ డేటాబేస్ బ్యాకప్‌లకు చోటు సిద్ధం చేసేది), ఆ తర్వాత చెక్. ఈ చెక్ పేరుకు చెక్ కాదు. అది నిజంగా ఒక వాల్ ఫైలును మూయించి, ఆ ఫైలు బ్యాకప్ మిషన్‌కు చేరేదాకా చూస్తుంది. చేరకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఇది దాటాకే మొదటి ఫుల్ బ్యాకప్ తీయండి. ఆదివారం ఫుల్, మిగతా రోజులు డిఫరెన్షియల్ (చివరి ఫుల్ తర్వాత మారినవి మాత్రమే) అని క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సౌకర్యంలో) రాసుకుంటే మీ సైజుకు చాలు.

ఇంతటితో ఇన్‌స్టాలేషన్ అయిపోయిందని సంతకం పెట్టకండి. మూడో మిషన్‌లో రీస్టోర్ చేసి, పోస్ట్‌గ్రెస్ లేపి, నిన్నటి బిల్లు ఒకటి నంబర్‌తో సహా వెతికి చూడండి. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఏం జరిగిందో ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. పొరపాటున అసలు సర్వర్‌లోని డేటా డైరెక్టరీ చెరిగిపోయింది. బ్యాకప్‌లు చూస్తే ఏవీ లేవు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్. అందువల్ల డంప్ రోజూ ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లు డీమార్క్ అనే మెయిల్ భద్రత సెట్టింగ్ వల్ల తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. చివరికి ఆరు గంటల కిందటి ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్క్‌కు ఒక క్షణంలో తీసిన నకలు) ఒకటి దొరికి బయటపడ్డారు. ఆ మధ్య ఆరు గంటల్లో చేరిన డేటా తిరిగి రాలేదు. వాళ్లు ఇదంతా దాచకుండా పూర్తిగా రాసి పెట్టారు. అందుకు నాకు వాళ్లంటే చాలా గౌరవం.

రీస్టోర్ పరీక్షలో ఒక్క జాగ్రత్త. కాన్ఫిగరేషన్ కూడా రీస్టోర్ అవుతుంది కాబట్టి మూడో మిషన్‌లో లేచిన డేటాబేస్ తన వాల్ ఫైళ్లను మీ అసలు బ్యాకప్‌లోకే పంపాలని చూస్తుంది. పోస్ట్‌గ్రెస్ 12, ఆపై వెర్షన్లకు రీస్టోర్ కమాండ్‌లో ఆర్కైవ్-మోడ్ ఆఫ్ అనే ఆప్షన్ ఉంది. అది పెట్టే రీస్టోర్ చేయండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా కాలేజీ ఫీజుల సర్వర్‌లో ఇంతకుముందు పనిచేసినవాళ్లు పీజీబ్యాక్‌రెస్ట్ పెట్టారు. ఇప్పుడు క్లౌడ్‌లో డిస్క్ స్నాప్‌షాట్లు తీస్తున్నాం కదా, ఇక అది దేనికని ఆప్ట్ రిమూవ్‌తో తీసేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు, అప్లికేషన్ మామూలుగానే నడిచింది. పది రోజుల తర్వాత పరీక్ష ఫీజు కట్టే చివరి రోజున సర్వర్ డౌన్. డిస్క్‌లో ఖాళీ లేదంటోంది. పీజీ_వాల్ ఫోల్డర్‌లో వేలకొద్దీ ఫైళ్లు ఉన్నాయి. వాటిని డిలీట్ చేయనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: చేయకండి. ఒక్కటి కూడా చేయకండి. ఈ జవాబు అచ్చయ్యేలోగా మీ సర్వర్ కష్టం ముదురుతుందని మీకు విడిగా కూడా రాశాను. అందరికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పీజీ_వాల్‌లో ఉన్నవి మామూలు లాగ్ ఫైళ్లు కావు. డేటాబేస్ మళ్లీ లేవాలంటే వాటిలో చివరివి కొన్ని తప్పనిసరిగా కావాలి, ఏవి కావాలో పైపైన చూసి చెప్పలేం. పూర్వం ఆ ఫోల్డర్ పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరు చూసి లాగ్‌లే కదా అని చెరిపేసేవాళ్లు ఎక్కువవడంతో 2017లో 10వ వెర్షన్ వచ్చినప్పుడు పేరే మార్చేశారు. చెరిపాక సర్వర్ లేవకపోతే పీజీ_రీసెట్‌వాల్ వాడమని కొందరు సలహా ఇస్తారు. అది డేటాబేస్‌ను లేపుతుంది కానీ లోపలి లెక్కలు సరిపోతాయన్న హామీ ఉండదు. ఫీజుల లెక్కలకు అలాంటి డేటాబేస్ మీద ఆధారపడలేం.

ముందు కాస్త ఖాళీ పుట్టించండి. వాల్యూమ్ పెంచే వీలుంటే అదే మంచిది, క్లౌడ్‌లో ఉన్నారు కాబట్టి నిమిషాల్లో అవుతుంది. వీలు లేకపోతే ఒక దారి ఉంది. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగాను రూట్ కోసం అట్టిపెడుతుంది, పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు అది అందదు. ట్యూన్2ఎఫ్ఎస్‌తో దాన్ని 1 శాతానికి తగ్గిస్తే 100 గిగాబైట్ల డిస్క్‌లో 4 గిగాబైట్లు అప్పటికప్పుడు వస్తాయి. డిస్క్ అన్‌మౌంట్ చేయనక్కర్లేదు. ఆ జాగాతో పోస్ట్‌గ్రెస్ లేస్తుంది. లేచిన వెంటనే ఆర్కైవ్_కమాండ్‌ను /బిన్/ట్రూ (ఏ పనీ చేయకుండా ‘అయింది’ అని చెప్పే ప్రోగ్రాం) అని మార్చి రీలోడ్ చేయండి. పేరుకుపోయిన ఫైళ్లన్నీ ‘పంపించేశాం’ అన్న లెక్కలోకి పోతాయి. తర్వాత చెక్‌పాయింట్ కమాండ్ ఇస్తే అక్కర్లేనివాటిని పోస్ట్‌గ్రెస్సే తీసేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ చూడండి, ఎప్పుడో పోయిన స్టాండ్‌బై (అసలు సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) స్లాట్ ఒకటి వాటిని పట్టుకుని ఉండవచ్చు.

ఇప్పుడు అసలు ఎందుకిలా అయిందంటే, మీరు తీసేసింది ఆపరేటింగ్ సిస్టమ్‌లోంచి. డేటాబేస్‌కు ఆ సంగతి తెలియదు. దాని సెట్టింగుల్లో ఆర్కైవ్_కమాండ్ వరస అలాగే ఉంది. ప్రతి వాల్ ఫైలూ నిండగానే పీజీబ్యాక్‌రెస్ట్‌ను పిలుస్తుంది, పలికేవాళ్లు లేరు, ఫైలును అట్టిపెట్టుకుని మళ్లీ పిలుస్తుంది. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు పాలవాడికి చెప్పకపోతే గుమ్మం ముందు ప్యాకెట్లు పేరుకున్నట్టే. మీ సెట్టింగ్‌లో ఆర్కైవ్_టైమౌట్ 5 నిమిషాలని రాశారు. అంటే పని నడుస్తున్నంతసేపూ ఫైలు నిండినా నిండకపోయినా 5 నిమిషాలకు ఒకటి మూస్తుంది. రోజుకు 288 ఫైళ్లు, ఒక్కోటి 16 మెగాబైట్లు, మొత్తం నాలుగున్నర గిగాబైట్లు. పది రోజులకు 45. మీ డిస్క్‌లో ఉన్న ఖాళీకి లెక్క సరిపోయింది.

మానిటరింగ్‌లో ఫెయిల్డ్_కౌంట్ చూస్తూనే ఉన్నాం, అది సున్నానే చూపించిందని కూడా రాశారు. మీ తప్పు లేదు. చాలామంది సీనియర్లకు కూడా తెలియని మెలిక ఇది. ఆర్కైవ్ కమాండ్ మామూలుగా ఫెయిలైతే పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఆ సంఖ్య పెరుగుతుంది. కానీ ప్రోగ్రామే లేనప్పుడు షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) 127 అనే కోడ్ తిరిగిస్తుంది. 125 దాటిన కోడ్ వస్తే ఆర్కైవర్ ప్రాసెస్ తానే ఆగిపోతుంది, పోస్ట్‌గ్రెస్ దాన్ని మళ్లీ లేపుతుంది, ఈ వైఫల్యం ఆ లెక్కలోకి రాదు. సర్వర్ లాగ్‌లో మాత్రం ‘ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్డ్ విత్ ఎగ్జిట్ కోడ్ 127’ అని వరసగా పడుతూ ఉంటుంది. కాబట్టి ఫెయిల్డ్_కౌంట్ కాదు, లాస్ట్_ఆర్కైవ్డ్_టైమ్ మీద అలారం పెట్టండి. అది అరగంటగా కదలకపోతే ఫోన్ మోగాలి.

తీసేసే సరైన పద్ధతి ఇది. నేను సొలారిస్ అనే యూనిక్స్‌లో ప్యాకేజీలు తీసేసే పీకేజీఆర్ఎం వాడే రోజుల నుంచీ నా డెస్క్ మీద ఒక రూళ్ల నోట్‌బుక్ ఉండేది. ఏ సర్వర్‌లో ఏది ఎక్కించానో, అది డేటాబేస్‌లో ఏ వరస మార్చిందో, ఏ క్రాన్‌లో చేరిందో, ఏ యూజర్‌ను పుట్టించిందో రాసి పెట్టేదాన్ని. తీసేసేటప్పుడు ఆ పేజీని కిందినుంచి పైకి చదువుకుంటూ వెళ్లడమే. మీకు ఆ పేజీ లేదు కాబట్టి వెతకాలి.

కొత్త పద్ధతిలో పూర్తి బ్యాకప్ తీసి, రీస్టోర్ చేసి చూసే దాకా పాతదాన్ని ముట్టుకోకండి. తర్వాత ఆర్కైవ్_కమాండ్ విలువ ఎక్కడినుంచి వస్తోందో పీజీ_సెట్టింగ్స్‌లో సోర్స్‌ఫైల్ కాలమ్ చూడండి. ఎవరో ఎప్పుడో ఆల్టర్ సిస్టమ్ ఇచ్చి ఉంటే అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అనే ఫైల్లో కూర్చుని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌లో మీరు ఎన్నిసార్లు మార్చినా చెల్లేది ఆటో.కాన్ఫ్‌లో ఉన్నదే. ఆల్టర్ సిస్టమ్ రీసెట్‌తో దాన్ని తీయాలి. ఇంకో మాట, ఆ కమాండ్‌ను ఖాళీగా వదలకండి. ఆర్కైవ్_మోడ్ ఆన్‌లో ఉండి కమాండ్ ఖాళీగా ఉంటే, త్వరలో ఎవరో కమాండ్ ఇస్తారులే అని పోస్ట్‌గ్రెస్ ఫైళ్లన్నీ దాచిపెడుతుంది. మళ్లీ అదే డిస్క్ నిండడం. ప్రస్తుతానికి /బిన్/ట్రూ, వచ్చే రీస్టార్ట్‌లో ఆర్కైవ్_మోడ్ ఆఫ్.

స్టాండ్‌బై సర్వర్లుంటే వాటిలో రీస్టోర్_కమాండ్ చూడండి, అందులోనూ పీజీబ్యాక్‌రెస్ట్ పేరు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ యూజర్ క్రాన్‌టాబ్, ఈటీసీ కింద క్రాన్.డీ, సిస్టమ్‌డీ టైమర్లు, మూడూ చూడండి. చివరగా ఎస్ఎస్‌హెచ్ తాళాలు. ఇవి అందరూ మర్చిపోతారు. బ్యాకప్ మిషన్ నుంచి డేటాబేస్ సర్వర్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా రాగలిగే దారి ఆథరైజ్డ్_కీస్‌లో అలాగే ఉండిపోతుంది. సాఫ్ట్‌వేర్ పోయినా తలుపు తెరిచే ఉంటుంది. ఆ వరస తీసేయండి.

పాత బ్యాకప్‌లను మాత్రం అప్పుడే చెరపకండి. వాటిని పీజీబ్యాక్‌రెస్ట్ తప్ప ఇంకేదీ చదవలేదు. గత సెమిస్టర్ ఫీజుల మీద ఏదైనా వివాదం వస్తే ఆ తేదీకి వెళ్లాల్సింది వాటితోనే. బ్యాకప్ మిషన్‌లో సాఫ్ట్‌వేర్, కాన్ఫిగ్ ఫైలు, రహస్య పదం గడువు తీరేదాకా ఉంచి, ఆ తర్వాత స్టాప్, స్టాంజా-డిలీట్, ఆపైన పర్జ్.

ఇంకొకటి, కాస్త గట్టిగానే చెబుతాను. స్నాప్‌షాట్లు ఉంటే ఇది అక్కర్లేదన్న మీ మొదటి అంచనాను మళ్లీ ఆలోచించండి. స్నాప్‌షాట్ తీసిన క్షణానికే మిమ్మల్ని తీసుకెళ్తుంది. ఫీజు చివరి రోజున రెండు స్నాప్‌షాట్ల మధ్య ఒకరు తప్పు అప్‌డేట్ నడిపితే, ఆ మధ్యలో ఫీజు కట్టిన పిల్లల రసీదులు ఎక్కడినుంచి తెస్తారు? ఆర్కైవింగ్ ఆపి వాల్ వరస తెగింది కాబట్టి పాత బ్యాకప్ మీద కొత్తవి ఆడవు. ఈరోజే తాజా పూర్తి బ్యాకప్ తీసి, ఆర్కైవింగ్‌ను తిరిగి మొదలుపెట్టమనే నా సలహా.

ప్రశ్న: ఏఐఎక్స్ (ఐబీఎం యూనిక్స్) మీద ఒరాకిల్ డేటాబేస్ నడుస్తోంది. టేప్ బ్యాకప్ ఏజెంట్ లైసెన్స్ రెన్యూవల్ చేయడం లేదు, డిస్క్ మీదకే ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ సొంత బ్యాకప్ టూల్)తో బ్యాకప్ తీయాలని మేనేజ్‌మెంట్ నిర్ణయం. ఏజెంట్‌ను తీసేయడానికి ఇన్‌స్టాల్‌పీ మైనస్ యూ కొడితే సరిపోతుందా?
– ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (డీబీఏ), విశాఖపట్నం

జవాబు: కొట్టేది చివర్లో. దానికి ముందు ఆర్‌మ్యాన్‌లోకి వెళ్లి షో ఆల్ ఇచ్చి, వచ్చినదంతా ఒక ఫైల్లో దాచుకోండి. డిఫాల్ట్ డివైస్ ఎస్‌బీటీ_టేప్ (టేప్ ఏజెంట్ ద్వారా వెళ్లే దారి) అని ఉంటే డిస్క్‌కు మార్చండి. ఎస్‌బీటీ ఛానెల్‌కు ఇచ్చిన పారామీటర్లు ఇంకా తీయకండి. పాత టేపుల లెక్క తేలాకే వాటిని క్లియర్ చేయాలి. ఆ లెక్క తేల్చే క్రాస్‌చెక్ బ్యాకప్, డిలీట్ అబ్సొలీట్ కమాండ్లు రెండూ ఎస్‌బీటీ ఛానెల్ తెరుచుకుంటేనే నడుస్తాయి. లైబ్రరీ పోయాక కేటలాగ్‌లో వేల ఎంట్రీలు మిగిలిపోతాయి, వాటిని తీయడం పెద్ద తలనొప్పి.

ఒరాకిల్‌కు, ఏజెంట్‌కు మధ్య ఉన్న లంకె ఒకే ఒక ఫైలు. ఒరాకిల్ హోమ్‌లో లిబ్ కింద చూడండి, ఏఐఎక్స్‌లో లిబ్‌ఓబీకే.ఏ, లినక్స్‌లోనూ సొలారిస్‌లోనూ లిబ్‌ఓబీకే.ఎస్ఓ. ఎక్కువసార్లు అది సింబాలిక్ లింకే, అంటే ఇంకో ఫైలు వైపు చూపించే పేరే. ఎల్ఎస్ మైనస్ ఎల్ కొడితే ఏజెంట్ లైబ్రరీ వైపు చూపిస్తుంది. ఇన్‌స్టాల్‌పీ ఏజెంట్‌ను తీసేస్తుంది. ఒరాకిల్ హోమ్‌లో ఉన్న ఈ లింకు మాత్రం తెగిపోయి అక్కడే పడి ఉంటుంది. ఎక్కడో ఒక పాత స్క్రిప్ట్ ఎస్‌బీటీ ఛానెల్ అడుగుతుంది, ఓఆర్ఏ-19554, ఓఆర్ఏ-27211 ఎర్రర్లు వస్తాయి. అది మామూలు బ్యాకప్ ఫెయిలని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆర్కైవ్ లాగ్‌లను బ్యాకప్ చేసి తుడిచేది కూడా ఆ స్క్రిప్టే అయి ఉంటే, రికవరీ ఏరియా నిండుతుంది, ఓఆర్ఏ-00257 వస్తుంది, మామూలు యూజర్లు ఎవరూ లాగిన్ కాలేరు. వరంగల్ పాఠకురాలి సర్వర్‌లో జరిగిందే, పేర్లు మాత్రం వేరు. కాబట్టి ఒరాకిల్ యూజర్ క్రాన్‌టాబ్‌లోని ప్రతి స్క్రిప్ట్‌నూ తెరిచి ఎస్‌బీటీ అనే మాట కోసం గ్రెప్‌తో వెతకండి.

అది అయ్యాక, ఎస్‌బీటీ సెట్టింగులు క్లియర్ చేసి, లింకు తీసేసి, రూట్‌గా స్లిబ్‌క్లీన్ నడపండి. ఏఐఎక్స్ షేర్డ్ లైబ్రరీలను వాడకం అయిపోయాక కూడా మెమరీలో ఉంచుకుంటుంది. స్లిబ్‌క్లీన్ ఇవ్వకపోతే పాత లైబ్రరీ అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఇన్‌స్టాల్‌పీని ముందు మైనస్ పీతో కలిపి ప్రివ్యూగా నడిపి, ఏ ఫైల్‌సెట్లు పోతాయో చదివి, అప్పుడు నిజంగా నడపండి. ఎక్కిన ప్యాకేజీల జాబితా చూపే ఎల్ఎస్ఎల్‌పీపీలో ఏజెంట్ పేరు కనిపించకపోతే అది వెండర్ సొంత స్క్రిప్ట్‌తో ఎక్కిందన్నమాట, తీయడానికి కూడా వాళ్ల స్క్రిప్టే వాడాలి. ఈటీసీ కింద ఇనిట్‌ట్యాబ్, సర్వీసెస్ ఫైళ్లలో దాని వరసలు మిగిలాయేమో చూడండి.

మేనేజ్‌మెంట్‌కు ఒక కాగితం పంపండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 ప్రకారం ఖాతా పుస్తకాలు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. పాత సంవత్సరాల లెక్కలు ఆ టేపుల్లో మాత్రమే ఉంటే, చదివే సాఫ్ట్‌వేర్ లేని టేపు ఉన్నా లేనట్టే. అవసరమైన టేపులను ముందు డిస్క్ మీదకు రీస్టోర్ చేసి, డిస్క్ బ్యాకప్‌గా మళ్లీ తీసుకుని, ఆ తర్వాతే లైసెన్స్ వదులుకోవాలి. ఈ నిర్ణయం మీ ఒక్కరి మీద పడకూడదు. అప్రూవల్ రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: లినక్స్ సర్వర్‌లో పొరపాటున ఒక డేటా ఫైలును ఆర్ఎం కమాండ్‌తో చెరిపేశాం. డేటాబేస్ ఇంకా నడుస్తోంది. డిలీటైన ఫైళ్లు తెచ్చే రికవరీ సాఫ్ట్‌వేర్ ఏది ఎక్కించమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఏదీ ఎక్కించకండి, డేటాబేస్‌ను ఆపకండి, సర్వర్‌ను రీబూట్ చేయకండి. ఆ డిస్క్ మీద కొత్తగా ఏది ఎక్కించినా, పోయిన ఫైలు ఉన్న చోటనే కూర్చోవచ్చు.

యూనిక్స్‌లో ఆర్ఎం తీసేది పేరును మాత్రమే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం లోపలి డేటా డిస్క్ మీదే ఉంటుంది. ఎల్ఎస్ఓఎఫ్‌కు ప్లస్ ఎల్1 ఇచ్చి నడిపితే పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. ప్రాసెస్ నంబర్ పట్టుకుని ప్రాక్ కింద ఆ నంబర్‌లో ఎఫ్‌డీ ఫోల్డర్ చూస్తే మీ ఫైలు పేరు చివర ‘డిలీటెడ్’ అని ఉంటుంది. అప్లికేషన్లు ఆపించి, కొత్త రాతలు లేకుండా చూసి, అక్కడినుంచి వేరే డిస్క్‌కు సీపీ చేసుకోండి. ఒరాకిల్ అయితే కాపీకి ముందు ఆ టేబుల్‌స్పేస్‌ను రీడ్ ఓన్లీ చేయండి. డేటాబేస్‌ను ఒక్కసారి ఆపితే ఆ పట్టు వదిలిపోతుంది. అప్పుడిక డిస్క్‌ను అన్‌మౌంట్ చేసి, డీడీతో మొత్తం ఇమేజ్ (డిస్క్ నకలు) తీసి, ఆ ఇమేజ్ మీదే టెస్ట్‌డిస్క్ లాంటివి వేరే మిషన్‌లో నడపాలి. అప్పటికి ఎంత దొరుకుతుందో ఎవరూ మాటివ్వలేరు.

ప్రశ్న: మేడమ్ నమస్కారం. నేను ఎంసీఏ చదువుతున్నాను. ఇవన్నీ నేర్చుకోవాలంటే సర్వర్లు కావాలి కదా, నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ ఒకటే ఉంది. ఎలా ప్రాక్టీస్ చేయాలి?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఆ ల్యాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో ఒక్కోదానికి 1 జీబీ మెమరీ ఇచ్చి రెండు డెబియన్ లినక్స్ మిషన్లు పెట్టు, డెస్క్‌టాప్ బొమ్మలు లేకుండా. ఒకటి డేటాబేస్, ఒకటి బ్యాకప్. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పరీక్ష ప్రోగ్రాం పీజీబెంచ్‌ను స్కేల్ 50తో మొదలుపెడితే 50 లక్షల వరసల పట్టిక తయారవుతుంది, ఆడుకోవడానికి అది సరిపోతుంది. పైన రాజమహేంద్రవరం పాఠకుడికి చెప్పిన వరసలో పీజీబ్యాక్‌రెస్ట్ ఎక్కించు. పీజీబెంచ్ నడుస్తుండగా టైమ్ రాసుకుని ఒక పట్టికను డ్రాప్ చేసి, దానికి నిమిషం ముందుకు రీస్టోర్ చెయ్యి.

అది వచ్చాక, డేటాబేస్ మిషన్‌కు 2 జీబీల చిన్న డిస్క్ తగిలించి, పోస్ట్‌గ్రెస్ ఆపి, పీజీ_వాల్‌ను దాని మీదకు మార్చి, ఆర్కైవ్_కమాండ్‌ను ముట్టుకోకుండా ప్యాకేజీని తీసేయి. పీజీబెంచ్ నడుపుతూ లాగ్‌లో 127 కోడ్ పడటం, డిస్క్ నిండటం, పోస్ట్‌గ్రెస్ ఆగిపోవడం నీ కళ్లతో చూడు. తర్వాత వాల్ ఫైలు ఒక్కటీ చెరపకుండా లేపు. ఇంటర్వ్యూలో ఈ అనుభవం చెప్పగలిగితే సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

రీస్టోర్‌కు టార్గెట్ టైమ్ ఇచ్చేటప్పుడు చివర +05:30 తప్పకుండా రాయి. మిషన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉండి నువ్వు మన టైమ్ మాత్రమే రాస్తే, అది ఐదున్నర గంటల తర్వాతి క్షణం అనుకుంటుంది. ఆ క్షణం వాల్‌లో ఇంకా రాలేదు కాబట్టి, డ్రాప్ చేసిన వరసను కూడా దాటేసి చివరిదాకా ఆడి, టార్గెట్ దొరకలేదని ఫేటల్ ఎర్రర్‌తో ఆగిపోతుంది.